వేలికి పెట్టే ఆక్సీమీటర్ లాంటిది కడుపులో బిడ్డకి ఎందుకు లేదు?

రెండో_గీత · సోమవారం, రాత్రి 11:52

నాకు 33వ వారం. నిద్ర పట్టక ఫోన్ టార్చ్ మీద అరచెయ్యి పెట్టి ఆడుకుంటున్నాను. వేళ్ళ చివర్లు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. తమాషా ఏమిటంటే, మధ్యలో ఎముక ఉండాలి కదా, దాని నీడ ఎక్కడా కనబడలేదు. వేలంతా ఒకటే ఎరుపు.

అప్పుడు వచ్చింది సందేహం. వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఇలాంటి వెలుగుతోనే కదా రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది? మరి కడుపులో బిడ్డకి అలాంటిది ఎందుకు లేదు? చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా గుండె చప్పుడు వినిపించి "బాగుందమ్మా" అంటారు. గుండె కొట్టుకోవడం వేరు, ఆక్సిజన్ అందడం వేరు కదా. పొట్ట మీద లైటు పెట్టి చూసే పరికరం ఏదో తయారవుతోందని ఎక్కడో చదివాను. నిజమేనా?

మా ఆయనైతే ఇంట్లో ఉన్న ఆక్సీమీటర్ తెచ్చి, నా పొట్ట మీద చర్మం మడతపెట్టి క్లిప్పు తగిలించాడు. 91 చూపించింది. ఇద్దరికీ ఒక్క క్షణం గుండె జారింది, తర్వాత నవ్వుకున్నాం. కానీ నాకు ఇంకా కొంచెం టెన్షన్‌గానే ఉంది, అందుకే ఈ పోస్టు.


చింటూవాళ్ళమ్మ · సోమవారం, రాత్రి 11:58

ముందు ఆ క్లిప్పు తీసేయమనండి మీ ఆయన్ని :) అది వేలి కోసం చేసిన వస్తువు. పొట్ట చర్మం మడతలో అది చూసింది మీ చర్మాన్నే, అదీ తప్పుగా. పాపాయికీ ఆ 91కీ ఏ సంబంధమూ లేదు. పడుకోండి.


కాంతి_పురుగు · మంగళవారం, ఉదయం 7:10

ఎముక నీడ కనబడలేదన్నారు చూశారా, మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. శరీరంలో కాంతి ఎలా ప్రయాణిస్తుందన్నదే నేను చేసే పరిశోధన. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మన ఒళ్ళు వెలుగుకి గాజులాంటిది కాదు, పాలలాంటిది. గ్లాసుడు పాల వెనక నుంచి టార్చ్ వేస్తే గ్లాసంతా వెలుగుతుంది గానీ లోపలున్న చెంచా కనబడదు. వెలుగు లోపలికి పోతుంది, కాకపోతే తిన్నగా పోదు. అడుగడుగునా దేనికో ఒకదానికి తగిలి దారి మార్చుకుంటుంది. అవతలికి వచ్చిన వెలుగుని చూసి అది ఎటు తిరిగి వచ్చిందో చెప్పలేం. అందుకే ఎముక నీడ చెరిగిపోయింది.

ఇక ఎరుపు ఒక్కటే ఎందుకు వచ్చిందంటే, నీలాన్నీ ఆకుపచ్చనీ రక్తంలో హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఎరుపు రంగునీ, దాని పక్కనే కంటికి కనబడని పరారుణాన్నీ, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల వరకు, శరీరం కాస్త పోనిస్తుంది. అది దాటాక నీరు అడ్డుపడుతుంది. ఈ సన్నని సందులోంచి పుర్రె తెరవకుండానే మెదడులో ఆక్సిజన్ మార్పుల్ని గమనించవచ్చని 1977లో యోబ్సిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. పొట్ట మీద లైటు పెట్టే ఆలోచనకి మూలం అదే.

ఇప్పుడు ఆక్సీమీటర్. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో కనిపెట్టిన కిటుకు అది. వేలిలో చర్మం, ఎముక, కొవ్వు, సిరల్లో రక్తం, ఇవన్నీ వెలుగుని తింటాయి, కానీ ఎప్పుడూ ఒకే మోతాదులో తింటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా పొంగేది ధమనిలో రక్తం ఒక్కటే. కాబట్టి కదలని వెలుగుని పక్కన పెట్టేసి, నాడితో పాటు మినుకుమినుకుమనే చిన్న భాగాన్ని మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. 660 దగ్గర ఎరుపు, 940 దగ్గర పరారుణం. ఆక్సిజన్ ఉన్న రక్తం ఎరుపుని పోనిచ్చి పరారుణాన్ని ఎక్కువ తింటుంది, ఆక్సిజన్ లేనిది దానికి తిరగబడి. రెండిట్లో మినుకు ఎంతెంతో చూస్తే శాతం తెలుస్తుంది.

పొట్ట దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. వేలికి అటువైపు లైటు, ఇటువైపు ఆ వెలుగుని పట్టే కన్ను, అంటే సెన్సారు, పెట్టవచ్చు. పొట్టకి రెండూ ఒకే వైపు పెట్టాలి. వెలుగు మీ చర్మం, కొవ్వు, కండరం, గర్భసంచి గోడ, ఉమ్మనీరు దాటి బిడ్డను తాకి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. లైటుకి దగ్గర్లో కన్ను పెడితే పైపైన తిరిగొచ్చిన వెలుగే దొరుకుతుంది, అంటే తల్లి రక్తం మాత్రమే. లోతు నుంచి వచ్చినది కావాలంటే కన్నుని కొన్ని సెంటీమీటర్లు దూరం జరపాలి. అప్పుడు వెలుగు దారి అరటిపండు ఆకారంలో లోపలికి వంగుతుంది. జరిపిన ప్రతి సెంటీమీటరుకీ చేతికొచ్చే వెలుగు ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. చివరికి మిగిలే ఆ కాస్తలో కూడా చాలావరకు తల్లిదే.


రెండో_గీత · మంగళవారం, ఉదయం 8:31

పాలగ్లాసు పోలిక బాగా అర్థమైందండీ. మరి వచ్చిన దాంట్లో నాది ఏది, పాపది ఏది అని ఎలా విడదీస్తారు?


కాంతి_పురుగు · మంగళవారం, ఉదయం 9:02

లయని బట్టి. మీ గుండె నిమిషానికి 70, 80 సార్లు కొట్టుకుంటుంది, పాపది 110 నుంచి 160. రెండు తాళాలు కలిసి వినబడుతున్నా వేగం వేరు కాబట్టి విడదీయవచ్చు.

చెప్పినంత తేలిక కాదు లెండి. నాడి అనేది నున్నటి అల కాదు, దానిలో రెట్టింపు వేగంతో ఇంకో చిన్న అల దాగి ఉంటుంది. తల్లి నాడి 70 అయితే ఆ రెట్టింపు 140. సరిగ్గా బిడ్డ గుండె ఉండే చోటికే వచ్చి కూర్చుంటుంది! బిడ్డ గుండె దొరికింది అని సంబరపడితే అది తల్లి ప్రతిధ్వని కావచ్చు. దీనికి విరుగుడుగా దగ్గర్లో ఇంకో కన్ను పెట్టి, తల్లి సంకేతాన్ని విడిగా పట్టి, దూరపు కన్ను చూసిన దాంట్లోంచి తీసేస్తారు. వెలుగు ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో సెకనులో వంద కోట్ల వంతు కన్నా సన్నగా కొలిచే పద్ధతి ఇంకొకటి ఉంది. ఆలస్యంగా వచ్చినది లోతుకి పోయి వచ్చినట్టు. నాకు ఇష్టమైనది అదే, కాకపోతే పరికరం ఖరీదు, బరువు రెండూ ఎక్కువ.


అనుమానపు_పక్షి · మంగళవారం, మధ్యాహ్నం 1:15

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క మాట అడుగుతాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. బిడ్డ ఆక్సిజన్ అంకె తెర మీద కనబడుతోందే అనుకుందాం. దాన్ని చూసి డాక్టరు ఏం చేస్తారు? ఇప్పటికే బెల్టు కట్టి గుండె గ్రాఫు తీస్తున్నారు, దాంతో జరుగుతున్నది సిజేరియన్లు పెరగడం. ఇంకో అంకె వస్తే ఇంకో భయం, ఇంకో కోత. అంతే కదా?


నిదానం_డాక్టర్ · మంగళవారం, రాత్రి 9:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. అనుమానపు పక్షి గారి ప్రశ్న ఊహ కాదండీ. అది ఒకసారి అడిగారు, పరీక్షించారు, జవాబు కూడా వచ్చింది. చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను.

"బిడ్డకి ఆక్సీమీటర్ ఎందుకు లేదు" అన్నారు. ఉండేది! ఆక్సీఫస్ట్ అని ఒక పరికరం. 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. పొట్ట మీద పెట్టేది కాదు. ఉమ్మనీరు పోయి, గర్భద్వారం కొంచెం తెరుచుకున్నాక, సన్నని పట్టీలాంటి సెన్సారుని లోపలికి జరిపి బిడ్డ చెంపకి ఆనేట్టు పెట్టేవారు. చర్మానికి చర్మం, మధ్యలో తల్లి రక్తం అడ్డం లేదు. కాంతి పురుగు గారు చెప్పిన కష్టాలన్నీ దాటేసిన పరికరం అన్నమాట.

మొదటి పెద్ద పరీక్ష ఫలితం అదే ఏడాది వచ్చింది, 1010 మంది మీద. గ్రాఫు చూసి భయపడి చేసే సిజేరియన్లు 10.2 శాతం నుంచి 4.5 శాతానికి పడిపోయాయి. ఆహా అనుకునేలోపు ఇంకో సంగతి బయటపడింది. కాన్పు ముందుకు సాగడం లేదని చేసే సిజేరియన్లు ఆ మేరకు పెరిగాయి. మొత్తం సంఖ్య మారలేదు.

తర్వాత 2006లో ఇంకా పెద్దది వచ్చింది, తొలి కాన్పు మహిళలు 5341 మంది. ఇందులో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, సెన్సారు అందరికీ పెట్టారు. సగం మంది విషయంలో అంకె డాక్టరుకి కనబడుతుంది, మిగతా సగంలో పరికరం కొలుస్తూనే ఉంటుంది గానీ తెర మీద చూపించదు. అంకె తెలియడం వల్ల ఏమైనా తేడా వస్తుందా అని అడగడానికి ఇంతకంటే నిజాయతీ గల పద్ధతి లేదు. సిజేరియన్లు 26.3 శాతం ఒకవైపు, 27.5 శాతం ఇంకోవైపు. లెక్కలోకి వచ్చే తేడా కాదు. బిడ్డల ఆరోగ్యంలోనూ తేడా లేదు. ఆ పరికరం మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది.

కాబట్టి పక్షి గారూ, మీ అనుమానానికి ఆధారం ఉంది. అయితే గ్రాఫు గురించి మీరన్నది సగమే నిజం. కాన్పు అంతసేపూ గ్రాఫు తీయడం వల్ల పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ దాదాపు సగానికి తగ్గుతాయని పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. అదే సమయంలో సిజేరియన్లు పెరిగాయి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు సరిగ్గా రాని జబ్బు) మాత్రం తగ్గినట్టు కనబడలేదు. మంచీ చెడూ రెండూ ఉన్న పరికరంతోనే మేం రోజూ నెట్టుకొస్తున్నాం.


చింటూవాళ్ళమ్మ · మంగళవారం, రాత్రి 10:22

నా సంగతి చెప్పనా. 39వ వారం, నొప్పులు మొదలై తొమ్మిది గంటలైంది. గ్రాఫు మీద గుండె 140 నుంచి 80కి పడి, మెల్లగా లేచి, మళ్ళీ పడుతోంది. ఆ కాగితం గరగరమంటూ బయటికి వస్తుంటే నేను దాన్నే చూస్తూ ఉన్నాను. ఎడమ పక్కకి తిప్పారు, సెలైన్ వేగం పెంచారు. ఇరవై నిమిషాల్లో థియేటర్. చింటూ బయటికి వచ్చీ రాగానే హాలంతా వినబడేట్టు ఏడ్చాడు. బొడ్డుతాడు రక్తం పరీక్ష పూర్తిగా మామూలుగా ఉంది. అంటే వాడికి ఆక్సిజన్ తక్కువే కాలేదు!

ఆ కోత అవసరమా కాదా అని నేను ఆరేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. డాక్టర్ని తప్పుపట్టను. ఆ గ్రాఫు చూసి ఆగమంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు. కానీ ఆ గదిలో ఇంకొక్క అంకె ఉంటే, 50 అనో 55 అనో, ఇంకో గంట ఆగేవాళ్ళమేమో అనిపిస్తుంది.


అనుమానపు_పక్షి · మంగళవారం, రాత్రి 10:40

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ 5341 మందిలో సగం మంది విషయంలో డాక్టర్లకి ఆ అంకె కనబడింది కదా. ఆగలేదు మరి.


రెండో_గీత · బుధవారం, ఉదయం 6:48

ఆగండాగండి. 50, 55 ఏమిటి? నా వేలికి 94 కంటే తగ్గితే పరుగెత్తమంటారు. బిడ్డకి 50 ఉంటే మంచిదా?!


నిదానం_డాక్టర్ · బుధవారం, ఉదయం 7:25

అవునండీ, కడుపులో బిడ్డకి 30 నుంచి 70 శాతం మధ్య మామూలే. 30 కంటే కిందికి దిగి పది నిమిషాలకి పైగా అక్కడే ఉంటే ఒంట్లో ఆమ్లం పేరుకునే ప్రమాదం మొదలవుతుందని ఆ పరికరం వాడినప్పుడు హద్దు పెట్టుకున్నారు.

బిడ్డ గాలి పీల్చడం లేదు కదా. మాయ దగ్గర మీ రక్తం నుంచి అరువు తెచ్చుకుంటుంది. అందుకే కడుపులో బిడ్డది ఎవరెస్టు మీద బతుకు అనే పోలిక బార్‌క్రాఫ్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త కాలం నుంచీ ఉంది. ఆ కాస్త దానితోనే సుఖంగా ఉండేందుకు బిడ్డ హిమోగ్లోబినే వేరు రకం, ఆక్సిజన్‌ని మన దానికంటే గట్టిగా పట్టుకుంటుంది. దానికి తోడు గుండె వేగం. ఈ లెక్కలు తెలియకుండా ఇంట్లో ఎవరైనా బిడ్డ ఆక్సిజన్ 48 అని తెర మీద చూస్తే ఏమవుతుందో ఊహించుకోండి. నాకైతే ఆ ఫోన్లే రాత్రంతా వస్తాయి.


గడియారం_రిపేర్ · బుధవారం, ఉదయం 11:05

ఆసుపత్రి పరికరాలు సరిచూసే పని నాది. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది.

ఆక్సీమీటర్ శాతాన్ని నేరుగా కొలవదు. రెండు వెలుగుల నిష్పత్తిని కొలిచి, లోపలున్న పట్టికలో ఈ నిష్పత్తికి ఎంత శాతం అని చూసుకుంటుంది. ఆ పట్టిక ఎక్కడిది? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఆక్సిజన్ తక్కువున్న గాలి పీల్పించి, ధమని రక్తం తీసి పోల్చి తయారు చేసినది. మనుషుల్ని 70 శాతం కంటే కిందికి దించడం ప్రమాదం, కాబట్టి అక్కడ ఆగిపోతారు. 70 కింద చూపించేదంతా గీత పొడిగించి వేసిన అంచనా.

ఇప్పుడు డాక్టరు గారు చెప్పిన 30 నుంచి 70 చూడండి. బిడ్డ బతుకంతా ఆ అంచనా కిందే! పెద్దల పట్టికలో నమ్మకం ఎక్కడ ఆగుతుందో బిడ్డది అక్కడ మొదలవుతుంది. ఒక్కో శాతానికీ పట్టిక కొత్తగా కట్టాలి. దానికి ఏ తల్లి రక్తం తీస్తారు, ఏ బిడ్డ రక్తం తీస్తారు? అందుకే ఆ పోలిక గొర్రెల మీద చేస్తారు.


కాంతి_పురుగు · బుధవారం, ఉదయం 11:48

సరిగ్గా చెప్పారు. గొర్రెల కథ నేను పూర్తి చేస్తాను. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బ్రిటన్ ఛాన్స్ బృందం చూడిగొర్రె పొట్ట మీద నుంచే లోపలి పిల్ల మెదడులో ఆక్సిజన్ తగ్గడాన్ని పరారుణంతో పట్టుకుంది. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్ళు పొట్ట మీది ఆక్సీమీటర్ తయారు చేసి, చూడిగొర్రెల్లో పిల్లకి ఆక్సిజన్ అందడం కాసేపు తగ్గించి, పిల్ల ధమని నుంచి తీసిన రక్తంతో తమ అంకెను పోల్చి చూశారు. రెండో గీత గారు చదివింది బహుశా ఇలాంటి పరికరం గురించే. మనుషుల మీద పరీక్షలు నడుస్తున్నాయి. దుకాణంలో కొనుక్కునేది కాదు.

చర్మం రంగు సంగతి కూడా గడియారం గారే చెబుతారనుకున్నా. నల్లని చర్మంలో మెలనిన్ కూడా ఈ వెలుగుని తింటుంది. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, వేలి ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా నిజానికి రక్తంలో 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో తెల్లవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లున్నాయి. వేలికే అంత తేడా వస్తే, అరచెయ్యంత మందాన్ని రెండుసార్లు దాటొచ్చే వెలుగు మాటేమిటి? పరీక్షల్లో అన్ని రంగుల చర్మాలూ, సన్నవీ లావువీ అన్ని రకాల పొట్టలూ ఉండాల్సింది అందుకే. కొవ్వు ఒక సెంటీమీటరు పెరిగితే మాకు మిగిలే సంకేతం చూసి ఏడుపొస్తుంది.


వాన_చినుకు · బుధవారం, మధ్యాహ్నం 3:30

వెలుగు వల్ల బిడ్డకి ఏం కాదా? కళ్ళకి?


కాంతి_పురుగు · బుధవారం, మధ్యాహ్నం 3:52

ఈ వెలుగుకి అణువుల్ని విడగొట్టే శక్తి లేదు. ఎక్స్‌రే అలా కాదు. కడుపులో ఉన్నప్పుడు ఎక్స్‌రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువని ఆలిస్ స్టీవర్ట్ 1956లోనే చెబితే డాక్టర్లు నమ్మడానికి ఏళ్ళు పట్టింది. ఆ పాఠం గుర్తుంది కాబట్టే మీ ప్రశ్న మంచిది. ఎరుపు, పరారుణం వల్ల వచ్చే చిక్కు వేడి. లైటు ఆనిన చోట తల్లి చర్మం కాలకూడదు, కాబట్టి ఎంత బలంగా వెయ్యవచ్చో హద్దులున్నాయి. బిడ్డ దగ్గరికి చేరేసరికి అది చాలా పలచబడుతుంది. ఎండలో నిలబడితే కూడా కొంత ఎరుపు లోపలికి పోతూనే ఉంటుంది.


నెగటివ్_గ్రూపు · బుధవారం, సాయంత్రం 6:14

ఎప్పుడూ చదవడమే తప్ప రాయను, ఈ చర్చ చూసి రాయబుద్ధేసింది. మా అమ్మది నెగటివ్ రక్తం. నా కంటే ముందు ఒక బిడ్డ కామెర్లతో పోయింది. నేను కడుపులో ఉండగా పొట్టలోకి సూది గుచ్చి ఉమ్మనీరు తీశారట. అమ్మ చెప్పే మాట ఒకటి నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. తీసిన నీటిని నల్ల కాగితం చుట్టిన సీసాలో పోసి, దాన్ని చీర కొంగు కింద దాచుకోమని నాన్నమ్మ చేతికిచ్చి ల్యాబుకి పంపారట. ఎవరి దిష్టీ తగలకుండా అనుకుందట నాన్నమ్మ. అసలు ఎందుకు?


నిదానం_డాక్టర్ · బుధవారం, రాత్రి 8:50

ఎంత మంచి జ్ఞాపకం పంచుకున్నారండీ! దాచింది దిష్టి నుంచి కాదు, వెలుతురు నుంచి.

తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ రక్తమైతే తల్లి ఒళ్ళు బిడ్డ రక్తకణాల్ని విరగ్గొట్టవచ్చు. అవి అలా విరిగిపోతుంటే ఉమ్మనీట్లో బిలిరుబిన్ పెరుగుతుంది. ఆ పసుపు పదార్థం 450 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగుని తింటుంది. న్యూజిలాండ్ డాక్టరు విలియం లైలీ 1961లో ఒక పటం గీశాడు. ఉమ్మనీటి గుండా వెలుగు పంపి 450 దగ్గర ఎంత మింగుతోందో చూసి, ఆ చుక్క గర్భం వారాలకు తగ్గట్టు మూడు పట్టీల్లో ఎక్కడ పడిందో చూస్తే బిడ్డకి రక్తహీనత ఎంత ముదిరిందో తెలుస్తుంది. పై పట్టీలో పడితే ఆలస్యం చేయకూడదు. 1963లో ఆయనే కడుపులో ఉన్న బిడ్డకి రక్తం ఎక్కించాడు, ప్రపంచంలో అదే మొదటిది.

బిలిరుబిన్ వెలుతురు తగిలితే విరిగిపోతుంది. పుట్టిన బిడ్డకి కామెర్లు వస్తే నీలి లైటు కింద పడుకోబెట్టేది అందుకే. సీసాకి ఎండ తగిలితే ల్యాబుకి చేరేసరికి పసుపు తగ్గి, బిడ్డ బాగున్నట్టు తప్పుడు జవాబు వస్తుంది. మీ నాన్నమ్మ కొంగు మీ ప్రాణానికి అడ్డుపడింది, ఆవిడ అనుకున్న కారణం వేరైనా.

పుట్టకముందు బిడ్డ ఆరోగ్యాన్ని వెలుగుతో చూడడం కొత్త కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. లైలీ పటం ఎందుకు నిలబడింది, ఆక్సీఫస్ట్ ఎందుకు నిలబడలేదు? నా ఉద్దేశం ఇది. పటంలో చుక్క పడిన చోటుని బట్టి చేయాల్సిన పని స్పష్టంగా ఉండేది: ఆగు, మళ్ళీ తీసి చూడు, రక్తం ఎక్కించు, కాన్పు చెయ్యి. 2006లో 42 అనే అంకె చూసిన డాక్టరుకి అలాంటి స్పష్టత లేదు. 42 ఉన్నా గ్రాఫు భయపెడుతూనే ఉంటుంది, కాన్పు సాగకపోతే అంకె దాన్ని సాగించలేదు. ఆ లైలీ పరీక్షా ఇప్పుడు దాదాపు పోయింది లెండి. 2000 నుంచి బిడ్డ మెదడు రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పారుతోందో శబ్ద తరంగాలతో పనిచేసే డాప్లర్ స్కాన్‌లో చూసి రక్తహీనత పట్టేస్తున్నాం. సూదీ లేదు, సీసా లేదు. వెలుగుని శబ్దం ఓడించింది.


నెగటివ్_గ్రూపు · బుధవారం, రాత్రి 9:03

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి డాక్టరు గారూ. అమ్మకి చదివి వినిపించాను.


కవలల_నాన్న · బుధవారం, రాత్రి 9:37

వెలుగు ఓడిపోయిందంటే ఊరుకోను :) మా పిల్లలిద్దరికీ ఒకటే మాయ, ఒకరి రక్తం ఇంకొకరికి పోతోందని 20వ వారంలో తేలింది. సన్నని గొట్టం లోపలికి పంపి, దాని చివరి వెలుగులో మాయ మీద నాళాలు చూస్తూ, లేజర్‌తో ఒక్కొక్కటీ కాల్చి మూసేశారు. 2004 నాటి పరీక్షలో లేజర్ చేసిన వాళ్ళలో కనీసం ఒక బిడ్డ దక్కినవాళ్ళు 76 శాతం, ఉమ్మనీరు తీసేసే పాత పద్ధతిలో 56 శాతం అని మాకు చెప్పారు. మాకు ఇద్దరూ దక్కారు. ఒకడు ఇప్పుడే నా భుజం ఎక్కి కీబోర్డు తొక్కుతున్నాడు.


లేబర్‌రూమ్_సిస్టర్ · గురువారం, ఉదయం 6:05

రాత్రి షిఫ్ట్ అయిపోయింది, టీ తాగుతూ అంతా చదివాను. పెద్ద చదువుల మాటలు నాకు రావు. రోజూ చూసేది చెబుతాను.

బెల్టు జారుతుంది. తల్లి పక్కకి తిరిగితే చాలు, బిడ్డ గుండె పోయి తల్లి నాడి పట్టుకుంటుంది మిషను. నొప్పుల్లో తల్లి నాడి 120 కూడా ఉంటుంది, అచ్చం బిడ్డదిలాగే కనబడుతుంది. మిషను గ్రాఫు గీస్తూనే ఉంటుంది, ఎవరిదో దానికేం తెలుసు. అందుకే నేను గ్రాఫు చూస్తూ ఎప్పుడూ తల్లి మణికట్టు పట్టుకుంటాను. వేళ్ళ కింద కొట్టుకునేదీ తెర మీద కొట్టుకునేదీ ఒకటే అయితే బెల్టు సరిచేస్తాను. కాంతి పురుగు బాబు చెప్పిన 70, 140 గొడవ మాకు కొత్తేం కాదు.

అమ్మాయ్ రెండో గీతా, ఇంట్లో ఏ మిషనూ వద్దు. గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్లు కూడా వద్దు. చప్పుడు వినబడిందని ధైర్యంగా ఉండిపోయి, కదలికలు తగ్గిన రెండు రోజులకి వచ్చినవాళ్ళని చూశాను. పాప రోజూ ఎలా కదులుతుందో నీకే తెలుస్తుంది. ఆ తీరు మారితే, తగ్గితే, తెల్లారేదాకా ఆగకు. అర్ధరాత్రయినా సరే వచ్చేయాలి. ఊరికే వచ్చావని ఎవరూ తిట్టరు, తిట్టినా పట్టించుకోకు.


రెండో_గీత · గురువారం, ఉదయం 8:20

సరే సిస్టర్. ఒక చిన్న ప్రశ్న. నా స్కాన్‌లో మాయ ముందు గోడకి ఉందని రాశారు. లైటు పద్ధతికి అది అడ్డమా?


కాంతి_పురుగు · గురువారం, ఉదయం 8:44

బిడ్డ ఆక్సిజన్ కొలవాలంటే తలనొప్పే. వెలుగుకి ముందు మాయే ఎదురవుతుంది, దాన్నిండా మీ రక్తమూ బిడ్డ రక్తమూ. కానీ కొందరు దాన్నే అవకాశం చేసుకున్నారు. బిడ్డ లోతుగా ఉంటే ఉండనీ, మాయ దగ్గర్లోనే ఉంది కదా, దాన్నే కొలుద్దాం అని. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు మీలాగే మాయ ముందున్న గర్భిణుల పొట్ట మీద చిన్న పరికరం పెట్టి మాయలో ఆక్సిజన్ కొలిచారు. నన్నడిగితే మొదట పనికొచ్చేది ఇదే. కాన్పు గదిలో కోయాలా వద్దా అని నిమిషాల్లో తేల్చే అంకె కంటే, మాయ సరిగ్గా పనిచేయక బిడ్డ ఎదగని కేసుల్లో వారాల ముందే తెలిసే మార్పు విలువైనది. ఏదైనా చేయడానికి టైము ఉంటుంది.


అనుమానపు_పక్షి · గురువారం, ఉదయం 9:10

ఈ మాటకి ఒప్పుకుంటాను. నిరూపించాక.


రెండో_గీత · శనివారం, ఉదయం 10:30

నిన్న రాత్రి వెళ్ళాల్సి వచ్చింది. సాయంత్రం నుంచి కదలికలు బాగా తగ్గాయి, ఎడమ పక్కకి పడుకున్నా తేడా లేదు. సిస్టర్ మాటే గుర్తొచ్చి పదకొండింటికి బయల్దేరాం. బెల్టు కట్టారు. తెర మీద 138, 142, 139. నా గుండె దడదడలాడుతోంది కాబట్టి అది నాదేనేమో అని భయమేసింది. అక్కడి నర్సమ్మని "నా నాడి ఒకసారి చూస్తారా" అని అడిగాను. వింతగా చూసింది గానీ, మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు తిరిగింది. నిమిషం తర్వాత "నీది 96. తెర మీద ఉన్నది పాపది" అంది. నలభై నిమిషాలు గ్రాఫు, తర్వాత స్కాన్. అంతా బాగుందట. మధ్యలో ఒక తన్ను తన్నింది, బెల్టు కదిలేంత గట్టిగా.

మా ఆయన ఆ నర్సమ్మని బిడ్డ ఆక్సిజన్ ఎంతుందో చెప్పరా అని అడిగాడు. చెప్పేది ఉంటే చెప్పమా బాబూ అందావిడ.


లేబర్‌రూమ్_సిస్టర్ · శనివారం, మధ్యాహ్నం 12:15

మంచి పని చేశావమ్మా. మళ్ళీ తగ్గితే మళ్ళీ వెళ్ళు.